మా అమ్మ సాక్ష్యం

ఆ యేడు మిరపకోతలు మొదలయ్యేనాటికి నా నడినెత్తిన అరచెయ్యంత మేర జుట్టు లేదు. ఈ సంగతి ముగ్గురికే తెలుసు. నాకు, మా అమ్మకి, పైనున్న ప్రభువుకి. ముగ్గురిలో బయటపెట్టింది ప్రభువైతే కాదు.

జబ్బు చేసి ఊడిపోయిందనుకునేరు. ఊడలేదు, నేనే పీక్కున్నాను. నన్ను ఇంటర్‌కి గుంటూరులో హాస్టల్లో వేశారు. స్టడీ అవర్లో పుస్తకం ముందేసుకుని కూర్చుంటే చెయ్యి దానంతటదే నెత్తి మీదకి పోయేది. వేళ్ళు ఒక వెంట్రుకని వెతికి పట్టుకునేవి. పీకగానే గుండెల మీద బరువు ఒక్క క్షణం దిగేది. ఆ క్షణం కోసం ఇంకొకటి, తర్వాత ఇంకొకటి. పొద్దున్నే లేచి ఎవరూ చూడకముందే దిండు దులుపుకునేదాన్ని. తోటిపిల్లలు చూస్తే పిచ్చిదంటారని భయం. పిచ్చో కాదో నాకే తెలియదు, ఇంక ఎవర్నని అడగను?

క్రిస్మస్ సెలవులకి ఇంటికొచ్చాను. అద్దంకికి దగ్గర్లో మా ఊరు. పండగ ముందు తలంటబోయి మా అమ్మ జయకుమారి చూసింది. నూనెగిన్నె కింద పెట్టేసి, లేచి వెళ్ళి తలుపు గడియ పెట్టొచ్చింది.

"ఎవరు చేశారే ఇది? కొట్టారా నిన్ను?"

"ఎవరూ కాదు. నేనే పీక్కున్నా."

"నువ్వే పీక్కోటం ఏందే, పిచ్చిమొహమా?"

చెప్పాను. మొదట సగం చెప్పి ఆపాను, తర్వాత మిగతా సగం దానంతటదే వచ్చేసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నన్ను ఒళ్ళో పడుకోబెట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అంత హాయిగా ఏడ్చి ఎన్నాళ్ళయిందో.

"నాన్నకి చెప్పమాకమ్మా," అన్నాను.

"మీ నాన్నకే కాదు, గాలిక్కూడా చెప్పను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడిద్ది. ఇది నా నోరు దాటిందంటే ఇంక నన్ను అమ్మా అని పిలవమాక."

ఆ షరతు తనే పెట్టుకుంది. నేను అడగలేదు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, మిగతా కథంతా దీని మీదే నడుస్తుంది.

నాన్నకి టైఫాయిడ్ అని చెప్పాం. నీరసం తగ్గేదాకా హాస్టల్‌కి పంపొద్దన్నారని, తలకి గాలి తగలకూడదన్నారని మా అమ్మే అల్లింది. మా నాన్న జక్రయ్య నమ్మాడు. ఆయన నమ్మకాలన్నీ అంతే, ఎవరో ఒకరు గట్టిగా చెబితే చాలు. నేను డాక్టరునవుతానని పదో తరగతిలో మా టీచరు చెబితే అదీ అట్లాగే నమ్మాడు. ఆ నమ్మకంతోనే కౌలుచేలో పడి ఎండకి ఎండి, వానకి తడిసేవాడు.

సాయంత్రం పూట మా అమ్మ తలుపేసి నా తలకి కొబ్బరినూనె రాసేది. రాస్తూ పెదాల్లోపలే ప్రార్థన చేసుకునేది. కోతలు మొదలయ్యాక ఆ వేళ్ళు మిరపకాయలు తుంచి తుంచి మంటెక్కి ఉండేవి, ఎంత కడిగినా ఆ ఘాటు పోదు. నెత్తి చురచురలాడేది. అయినా తల తీసేదాన్ని కాదు. ఆ కాసేపు నాకు ఏ భయమూ ఉండేది కాదు. నా చెయ్యి కూడా బుద్ధిగా ఒళ్ళో పడుండేది.

జనవరిలో కోత మొదలైంది. ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుంటే చెయ్యి ఊరుకోదని నేనూ చేలోకి బయల్దేరాను.

మిరపచేలో ఒక సుఖం ఉంది. ఆడవాళ్ళంతా మగవాళ్ళ పాతచొక్కాలు తొడుక్కుని, తలకి గుడ్డ చుట్టుకుని, కళ్ళు మాత్రం బయటికి పెట్టి కోస్తారు. ఎవరు ఎవరో నోరు తెరిస్తేగాని తెలియదు. తల మీద గుడ్డ ఎందుకని మిరపచేలో ఎవరూ అడగరు, లేకపోతేనే అడుగుతారు. నాకోసమే ఎవరో ఈ పంట కనిపెట్టారనిపించేది.

నా పక్క సాలు సిద్దికాది. సిలార్ మామ కూతురు, మా వీధి చివర ఇల్లు. పదో తరగతి దాకా కలిసి చదువుకున్నాం. తను ఆపేసింది, నేను గుంటూరు పోయాను. ఎందుకొచ్చేశావని సిద్దికా ఒక్కసారీ అడగలేదు. అడగనిది సిద్దికా ఒక్కతే. ఆడపిల్ల హాస్టల్ నుంచి మధ్యలో ఇంటికొచ్చిందంటే ఊరికి తెలిసిన జబ్బు ఒకటే. కోతకొచ్చే వాళ్ళలో నోట్లో నువ్వుగింజ నాననివాళ్ళు ఉండనే ఉంటారు. "ఎవరో ఆటో అబ్బాయంట" అని ఒకళ్ళు, "కాదులే, క్లాసులో పిల్లోడే" అని ఇంకొకళ్ళు. నాకు లేని ప్రియుళ్ళని వాళ్ళే వెతికి పెట్టేవాళ్ళు.

మా నాన్న ఆ మాటలు విన్నాడో లేదో గాని, రోజుకో దెప్పు దెప్పేవాడు.

"ఏమ్మా డాక్టరమ్మా, టైఫాయిడ్ ఇంతకాలం ఉండిద్దా? కోతకొచ్చేదానికి లేని నీరసం కాలేజీకి పోయేదానికే వచ్చిందా?"

నేను తలగుడ్డ సర్దుకునేదాన్ని. ఆయనకి ఇంకా కోపం వచ్చేది.

ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు కమ్మింది. కల్లంలో కాయంతా ఆరబోసి ఉంది. తడిస్తే నల్లబడి ఎందుకూ పనికిరాదు, ఏడాది కష్టం వాన పాలు. కోసేవాళ్ళమంతా బుట్టలు చేలో వదిలేసి కల్లానికి పరిగెత్తాం. కొందరు కాయని కుప్పకి లాగుతుంటే, నేనూ సిద్దికా టార్పాలిన్ చెరో కొసా పట్టుకున్నాం. గాలి ఒక్కసారిగా లేచింది. టార్పాలిన్ పట్టుకోవాలా, తలగుడ్డ పట్టుకోవాలా? చేతులు రెండే ఉన్నాయి. నాన్న అవతలి నుంచి "వదలమాకండే!" అని అరిచాడు. నేను టార్పాలిన్ వదల్లేదు. గుడ్డ ఎగిరిపోయింది.

మిగతావాళ్ళంతా కుప్ప మీదకి వంగి ఉన్నారు. సిద్దికా ఒక్కతే చూసింది. ఆ పిల్ల కళ్ళు నా నెత్తి మీద ఆగడం నేను చూశాను. మరుక్షణం తన కొస మీద రెండు రాళ్ళు పడేసి వచ్చి, తన తలగుడ్డ విప్పి నా తలకి చుట్టి, ముడి బిగించింది. తన జుట్టునిండా మిరపదుమ్ము పడుతున్నా పట్టించుకోలేదు.

"రాళ్ళు తే, నిలబడ్డావేంది?" అంది. అంతే. ఆ రోజు గాని, ఆ తర్వాత గాని దాని గురించి ఒక్క మాట ఎత్తలేదు.

నాలుగు చినుకులు రాలి మబ్బు పోయింది. కాయ దక్కింది. సాయంత్రం ఈ సంగతి మా అమ్మకి చెబితే కంగారుపడింది. "ఆ పిల్ల ఎవరికన్నా చెప్పిద్దేమోనే," అంది. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. మంచి నవ్వు కాదు.

ఫిబ్రవరి నడిమికొచ్చేసరికి నా నెత్తి మీద జుట్టు మొలకెత్తింది. మా అమ్మ వేలితో తడిమి "మొలిచిందే! మహిమా, మొలిచిందే!" అని చిన్నపిల్లలా గెంతింది. అద్దం ఒకటి ముందు, ఒకటి వెనక పెట్టి చూపించింది. పొట్టిగా, నిక్కపొడుచుకుని, కందిచేను కోసిన తర్వాత మిగిలే కొయ్యల్లా ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంకో మూడు నెలలుంటే ఎవరికీ తెలియకుండానే అయిపోతుంది, ఇంక మిగతా చదువు సంగతి అప్పుడు చూసుకోవచ్చు అనుకున్నాను. చెయ్యి కూడా మాట వింటోంది. ఆ వారం నేను అన్నం అడిగి మరీ పెట్టించుకున్నాను.

ఆ ఆదివారమే మా పేట చర్చిలో కోత పండగ.

కోత పండగంటే మాకు చిన్నప్పటినుంచీ ఇష్టం. ఎవరి చేలో పండింది వాళ్ళు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. గుమ్మడికాయలు, కందులు, కోళ్ళు, పత్తిబుట్టలు. మేము తొలికోత మిరపకాయలు తెచ్చాం. అయ్యగారు ప్రార్థన చేశాక అన్నీ వేలం వేస్తారు. ఒకే గుమ్మడికాయని పంతానికి పోయి బావా బావమరుదులు పాడుకుంటూ పోతుంటే అందరం నవ్వాం. కాళ్ళు కట్టేసిన కోడొకటి కట్టు విప్పుకుని మగవాళ్ళ వైపు ఎగిరింది. మా నాన్నే దాన్ని పట్టి, మళ్ళీ ఎగరకుండా ఒళ్ళో పెట్టుకున్నాడు. చాలాకాలానికి ఆయన నవ్వు చూశాను. నేను తెల్లచున్నీ తల నిండా కప్పుకుని ఆడవాళ్ళలో కూర్చున్నాను. చర్చిలో కూడా తలకి ముసుగెందుకని ఎవరూ అడగరు.

వేలం తర్వాత సాక్ష్యాలు. దేవుడు తమ ఇంట్లో చేసిన మేలు ఎవరికి వాళ్ళు లేచి మైకులో చెప్పుకుంటారు. ఒక తాత తన మోకాలి నొప్పి గురించి చెప్పాడు. ఒకామె గేదె గురించి చెప్పింది. తర్వాత మా అమ్మ లేచింది.

మా అమ్మ మైకు పట్టుకోవడం నేను ఎప్పుడూ చూడలేదు. చర్చిలో ఆవిడ చోటు వెనక వరసలో, చెప్పుల పక్కన. పాటకూడా పక్కవాళ్ళకి వినపడకుండా పాడుతుంది. పంట గురించి చెబుతుందిలే అనుకున్నాను.

"ప్రభువు నామంలో అందరికీ వందనాలు. ఈ యేడు అందరి చేలల్లో పురుగు పడినా మా చేను దేవుడు కాపాడాడు. దేవునికి స్తోత్రం." కళ్ళు పైకెత్తింది. "చేను సంగతి సరే, అంతకంటే గొప్ప కార్యం మా ఇంట్లో చేశాడు."

తల అడ్డంగా ఊపాను. వద్దన్నట్టు చెయ్యి కూడా ఊపాననుకుంటా. మా అమ్మ నా వైపు చూడటంలేదు, పైకి చూస్తోంది.

"నా బిడ్డ గుంటూరు హాస్టల్లో తన జుట్టు తనే పీక్కుంది. నడినెత్తిన ఇంత మేర బోడైపోయింది. సాతాను దాని చేతుల్లో దూరాడు. నేను ఎవరికీ చెప్పుకోలేదు. ఇంటాయనకి కూడా టైఫాయిడ్ అనే చెప్పాను. రోజూ నూనె మీద ప్రార్థన చేసి రాశాను. జుట్టు మొలిపిస్తే సంఘం ముందు నీకు సాక్ష్యం చెబుతానని మొక్కుకున్నాను. దేవుడు నా మొర విన్నాడు. రామ్మా మహిమా. రా."

పక్కవాళ్ళు నన్ను మెల్లగా లేపారు. "పోమ్మా, సిగ్గుపడమాక," అని ఎవరో వీపు నిమిరారు. ప్రేమగానే నిమిరారు. నా కాళ్ళు నడిచాయి. మగవాళ్ళ వైపు మా నాన్న ఇంకా ఆ కోడిని పట్టుకునే కూర్చుని ఉన్నాడు. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది.

మా అమ్మ నా తల మీద చున్నీ తీసింది. "చూడండి," అంది. తల వంచమని మెడ మీద చెయ్యేసింది, రోజూ నూనె రాయడానికి వేసినట్టే. నేను అలవాటు కొద్దీ వంచాను.

"హల్లెలూయ!" అని అందరూ ఒక్కసారిగా అన్నారు. అయ్యగారు నా నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. కళ్ళు మూసుకోవాలని కూడా నాకు తట్టలేదు. ముందు వరసలో రెండు ఫోన్లు పైకి లేచి ఉన్నాయి.

ఇంటికొచ్చాక నాన్న నాతో మాట్లాడలేదు, అమ్మతోనూ మాట్లాడలేదు. చొక్కా విప్పి దండేనికి తగిలించి చేలోకి పోయాడు. ఆదివారం చేలో ఏం పనుంటుంది?

నేను మా అమ్మ ఎదురుగా కూర్చున్నాను.

"గాలిక్కూడా చెప్పనన్నావుగా."

"మనుషులకి చెప్పలేదే. దేవుడికి చెప్పాను."

"దేవుడికి మైకెందుకు?"

మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. తీసి అంది, "మొక్కుకున్నానే తల్లీ. మొక్కి చెల్లించకపోతే మళ్ళీ పోద్దేమోనని భయమేసింది. జుట్టు పోతే పోయింది. ఈసారి నువ్వే పోతావేమోనని... నీకేం తెలుసే నా భయం?"

ఆ భయం నిజమే. అది నాకు అప్పుడే అర్థమైంది, అర్థమైనా చల్లారలేదు. పరాయివాళ్ళు చెప్పుంటే వాళ్ళని తిట్టుకుని ఊరుకునేదాన్ని. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది నా బతుకు. అడిగితే ఆ మొక్కు నేనే వద్దనేదాన్ని. అందుకే నన్ను అడగలేదు. నా తల గురించి దేవుడితో మాట్లాడుకుంది, సంఘంతో మాట్లాడుకుంది, నాతో తప్ప అందరితో మాట్లాడుకుంది.

ఇంటిగుట్టు లంకకు చేటన్నారు. మా ఇంటిగుట్టు ఆ సాయంత్రానికే చర్చి వాట్సాప్ గ్రూపులోకి, అక్కణ్ణుంచి యూట్యూబ్‌లోకి పోయింది. మర్నాడు హాస్టల్లో నా పక్కమంచం పిల్ల మెసేజ్ పెట్టింది. "మహీ, ఇది నువ్వేనా?" కింద ఏడుపు బొమ్మలు రెండు. నేను ఫోన్ ఆపేసి బియ్యం డబ్బాలో పడేశాను.

సిద్దికా మాత్రం చేలో ఎప్పట్లాగే పక్క సాల్లోకి వచ్చింది. చాలాసేపు కోశాక తల ఎత్తకుండానే అంది, "ఆ వీడియో నాక్కూడా చూపించబోయారు. నేను చూడలా."

ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. మిరపఘాటు మీదకి నెట్టేశాను.

ఇంక మా ఇంటికి జనం రావడం మొదలైంది. బట్టతల కొడుకుని తీసుకుని ఒకామె వచ్చింది. పేలు పట్టిన పిల్లని తీసుకుని ఇంకొకామె వచ్చింది. అందరూ ముందు నా తల నిమిరి, తర్వాత మా అమ్మ చేత నూనె మీద ప్రార్థన చేయించుకుని పోతున్నారు. ఇన్నాళ్ళూ "ఏమే జయా" అన్నవాళ్ళు "జయకుమారమ్మగారూ" అంటున్నారు. మా అమ్మ నడక మారింది. చర్చిలో ముందు వరసలోకి పిలిచి చాప వేశారు. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ మాట నలుగురూ చెవొగ్గి వినడం ఇదే మొదలు. ఆ వెలుగు మొహం చూస్తే ముచ్చటేసేది, అది నా నెత్తి మీద నుంచి తెచ్చుకున్న వెలుగని గుర్తొస్తే ఒళ్ళు మండిపోయేది.

నూనె రాయించుకోవడం మానేశాను. అమ్మా అని పిలవడం కూడా మానేశాను. "అన్నం పెట్టు," "నీళ్ళు కాగినయ్యి," "నాన్న పిలుస్తున్నాడు." ఇట్లా ఏ పిలుపూ లేకుండా మాట్లాడొచ్చని అప్పుడే నేర్చుకున్నాను. మా అమ్మ గమనించింది.

ఒకనాడు అయ్యగారు వచ్చి కుర్చీలో కూర్చున్నారు. అద్దంకిలో ఉజ్జీవ సభలంట. పెద్ద పందిరి, ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారంట.

"అమ్మా, మీ సాక్ష్యం అక్కడ చెప్పాలమ్మా. పాపని కూడా స్టేజీ మీద నిలబెడదాం. శుక్రవారం సాయంత్రం వ్యాను పంపిస్తాం."

మా అమ్మ నా వైపు చూసింది. నేను నేల చూశాను.

"వస్తుందండి అయ్యగారూ," అంది మా అమ్మ. ఈసారీ నన్ను అడగలేదు.

ఆ మధ్యాహ్నం కల్లంలో కూర్చుని తాలు ఏరుతున్నాను. ఎర్రకాయ ఒక వైపు, తెల్లబడిన తాలుకాయ ఒక వైపు. కుడిచెయ్యి ఏరుతోంది, ఎడమచెయ్యి సంగతి నేను చూసుకోలేదు. కాసేపటికి ఎర్రకాయల కుప్ప మీద నల్లగా ఏదో పడి ఉంటే తీసి చూశాను. నా వెంట్రుకలే. గుప్పెడు. కొత్తగా మొలిచిన పొట్టివి, పక్కనున్న పొడుగువి కూడా. తలగుడ్డ కింద నుంచి ఎప్పుడు దూరిందో ఆ చెయ్యి! శుక్రవారం స్టేజీ మీద స్వస్థత పొందిన బిడ్డనని నిలబడాలి. ఇక్కడ కూర్చుని మళ్ళీ పీక్కుంటున్నాను.

శుక్రవారం తెల్లారకముందే నాన్న కాయ తొక్కి కుట్టిన టిక్కీ బస్తాలు మినీ లారీకెత్తి గుంటూరు మిర్చి యార్డుకి బయల్దేరాడు. నేనూ వస్తానన్నాను. హాస్టల్లో నా పెట్టె ఉండిపోయింది, తెచ్చుకుంటానన్నాను. "మధ్యాహ్నానికల్లా తీసుకొచ్చెయ్యి, సభ ఉంది," అని మా అమ్మ నాన్నకి నాలుగుసార్లు చెప్పింది.

ముందు సీట్లో నేను, నాన్న, డ్రైవరు. చిలకలూరిపేట దాటాక నాన్న నోరు తెరిచాడు. కోత పండగ తర్వాత నాతో నేరుగా మాట్లాడటం అదే మొదలు.

"నేను తిట్టినప్పుడల్లా నువ్వు తలగుడ్డ సర్దుకునేదానివి."

"ఊ."

"పొగరనుకున్నానమ్మా." కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు. "నాక్కూడా చెప్పలేదేమ్మా? నేనంత కానివాణ్ణా?"

ఏం చెప్పను? డాక్టరమ్మా అని ఆయన పిలిచే పిలుపే నా నెత్తి మీద బరువని ఎట్లా చెప్పను? అయినా చెప్పాను. కాలేజీ అంటే భయమని, పుస్తకం తెరిస్తే ఊపిరాడదని, ఆయన మొహం గుర్తొస్తే ఇంకా ఆడదని చెప్పాను. నాన్న విన్నాడు. డ్రైవరు కూడా విన్నాడు, పాపం పాట సౌండు తగ్గించి మరీ విన్నాడు. ఇంక దాచడానికి ఏముంది గనక!

యార్డులో టిక్కీలు దింపాక నాన్న కమీషన్ కొట్టు అరుగు మీద వేలంపాటకోసం కూర్చున్నాడు. నేను హాస్టల్‌కి పోతున్నానని చెప్పి బయటికొచ్చి, పెదకాకాని పోయే ఆటో ఎక్కాను.

గుంటూరులో చదివిన వాళ్ళకి తెలుసు, పెదకాకాని గుడికి పోయిన పిల్లలు గుండుతో తిరిగొస్తారు. మా హాస్టల్లో ఒకమ్మాయి అట్లాగే వచ్చింది. "మొక్కు" అంది. ఎవరూ ఒక్క మాట అడగలేదు. అది నాకు అప్పటినుంచీ గుర్తుంది.

గుడి బయట నిలబడి గోపురం వైపు చూశాను. "స్వామీ, మేము చర్చి వాళ్ళం. నీ వాకిట్లో చిన్న పనుంది, చూసుకుని పోతాను. తప్పుగా అనుకోకు," అని మనసులో చెప్పుకున్నాను. ఆయన ఏమీ అనలేదు. ఆ మాటకొస్తే మా దేవుడూ ఏమీ అనడు, మనుషులే ఆయన తరఫున అంటుంటారు.

తలనీలాలు తీసే చోట ఒక పెద్దాయన ఖాళీగా ఉన్నాడు. ఎదురుగా కూర్చున్నాను. జడ విప్పి నీళ్ళు చల్లాడు.

"ఎవరి మొక్కమ్మా?"

"మా అమ్మది."

"ఏమని మొక్కుకుంది?"

"నాకు జుట్టు రావాలని."

ఆయన కత్తి ఆపాడు. "జుట్టు రావాలని మొక్కుకుని జుట్టిస్తారంటమ్మా ఎక్కడన్నా?"

"మా అమ్మ మొక్కులు అట్లాగే ఉంటాయి."

ఆయన నవ్వాడు. తర్వాత నడినెత్తికొచ్చేసరికి చెయ్యి నెమ్మదించింది. "ఇక్కడేందమ్మా ఈ మధ్యే ఊడినట్టుందే," అన్నాడు. ఇంకేదో అడగబోయి మానేశాడు. "పోన్లే. తీసేస్తే అంతా ఒకటే అయిద్ది," అన్నాడు.

నిజంగానే అంతా ఒకటే అయింది. నా జుట్టు నా చుట్టూ పడి ఉంది. ఎడమచెయ్యి అలవాటుగా పైకి పోయింది. వేళ్ళు వెతికాయి, వెతికాయి, పట్టుకోవడానికి ఏమీ దొరక్క కిందకి వచ్చేశాయి. పక్కన మనవడికి గుండు చేయించిన ముసలావిడ చేతిలో మిగిలిన గంధం "ఇంద, నీకూ, చల్లగా ఉండిద్ది," అంటూ నా నెత్తిన రాసేసింది. ఎవరు, ఏ ఊరు, ఎందుకని అడగలేదు. ఆ చుట్టూ ఎన్ని గుండ్లో! నా వైపు తిరిగి చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. ఎన్నో నెలల తర్వాత తల మీద ఏ గుడ్డా లేకుండా వీధిలో నడిచాను.

యార్డుకి వెళ్ళి అరుగు ముందు నిలబడితే నాన్న నన్ను పోల్చుకోలేదు. పక్కకి జరగమన్నట్టు చూసి, మళ్ళీ చూశాడు. లేచి నిలబడ్డాడు.

"ఎక్కడ?"

"పెదకాకానిలో."

మా ఊరివాళ్ళు ఎవరన్నా ఉన్నారేమోనని చుట్టూ చూశాడు. భుజం మీద తువ్వాలు తీసి నా తల మీద కప్పబోయాడు.

"వద్దు నాన్నా. ఉండనీ."

తువ్వాలు మళ్ళీ భుజాన వేసుకున్నాడు. "కొబ్బరినీళ్ళు తాగుతావా?" అన్నాడు. తాగాం. బస్సెక్కబోయే ముందు నీళ్ళ సీసా మూత తీసి, "ఆ గంధం కడుక్కోమ్మా. మీ అమ్మకి గుండొక్కటి చాలు, గుడి సంగతెందుకు," అన్నాడు. ఆయన పోస్తే నేను కడుక్కున్నాను.

మేము ఇల్లు చేరేసరికి ఎండ ఇంకా తగ్గలేదు. మా అమ్మ ఇస్త్రీ చేసిన తెల్లచీర కట్టుకుని సిద్ధంగా ఉంది. మంచం మీద నా తెల్లచున్నీ మడతపెట్టి ఉంది. గుమ్మంలో మా చెప్పుల చప్పుడు వినగానే, "వచ్చావా? రా, వ్యాను వచ్చే వేళయింది, నూనె రాసి చక్కగా దువ్వుతాను," అంటూ అరచేతిలో కొబ్బరినూనె పోసుకుని లోపల్నుంచి వచ్చింది.

చూసింది.

ముక్కుపుటాలు కదిలాయి. కడుక్కున్నా గంధం వాసన పోలేదు.

"నేనేం చెప్పనే ఇప్పుడు వాళ్ళకి?"

ముందు ఆ మాటే అడిగింది. ఎందుకు చేశావని గాని, మళ్ళీ పీక్కున్నావా అని గాని కాదు. అది విన్నాక నాలో కొద్దో గొప్పో మిగిలున్న మెత్తదనం కూడా పోయింది.

బయట వ్యాను హారను కొట్టింది. మా అమ్మ కదల్లేదు. నాన్న వాకిట్లోకి పోయి, "రావటంలేదని అయ్యగారికి చెప్పు బాబూ. ఎందుకని అడిగితే జక్రయ్య వద్దన్నాడని చెప్పు," అన్నాడు. వ్యాను వెనక్కి తిరిగిన చప్పుడు వీధి చివరిదాకా వినపడింది.

మా అమ్మ గోడకి చేరగిలబడి కూర్చుంది. అరచెయ్యి ఇంకా దోసిలిలాగే ఉంది, నూనె అందులో కదలకుండా ఉంది.

"కోత పండగనాటి నుంచి ఒక్కసారి కూడా నన్ను అమ్మా అన్లేదు నువ్వు," అంది. గొంతు మైకులో మాట్లాడిన గొంతు కాదు, పాత గొంతే. "ఇంకెప్పటికీ అనవటే మహిమా?"

ఎప్పట్లాగే ఆవిడ ముందు కూర్చుని తల వంచితే సరిపోయేది. నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు. నేను నిలబడే ఉన్నాను.

"జుట్టు రానీ," అన్నాను. "అప్పుడు చూద్దాం."

మా అమ్మ తల ఊపింది. చేతిలో నూనె ఏం చెయ్యాలో తెలియక కాసేపు చూసుకుంది. తర్వాత ఆ నూనె మెల్లగా తన తలకే రాసుకుంది.